ఒడలికి కుదిరిన నీటికవచము



నేటి ప్రసంగవిషయము వినినంతనే మీలో కొందఱు నవ్వుకొందురేమో. మా బసంత్‌నగరునకు సముద్ర మెంత దూరమో మీ రెఱుగుదురు. మా యూర నిలిచి చూచినచో కనబడునవి సిమెంటు కర్మాగారపు పొగగొట్టము, దాని కావల బొగ్గుగనుల మట్టిదిబ్బలు. ఇంకను పోయినచో గోదావరి. అట్టి చోట ముప్పదియైదేండ్లు పిల్లలకు సంధులు, సమాసములు చెప్పి విశ్రమించిన తెలుగు పంతులు, సముద్రములో మునుగువారి యుడుపులను గూర్చి మాటలాడు టేమి? కారణము చెప్పెదను.

మా కూతురి కొడుకు విశాఖపట్టణమున చదువుకొనుచున్నాడు. వయస్సు 21. నిరుటి వేసవిలో వాడు ఋషికొండ తీరమున స్కూబా డైవింగు నేర్చుటకు చేరెను. వీపునకు గాలి సిలిండరు కట్టుకొని, నోట గొట్టము పెట్టుకొని, నీటి యడుగున చేపవలె తిరుగుట యీ విద్య. ఆ సంగతి తెలిసిననాటి నుండి మా కూతురికి నిద్ర లేదు. "నాయనా, వాడు మీ మాట యొక్కటే వినును. వలదని చెప్పుడు" అని నన్ను పట్టుకొన్నది. నేను ఫోను చేయగా వాడు, "తాతా, నేను మానను. మీకు భయమైనచో వచ్చి కన్నులార చూడుడు. నాకు సొంత జాకెట్టు కొనవలసియున్నది. దానిని మీరే యేరి యిండు" అనెను. వాని గడుసుదనము చూచితిరా! వలదనుటకు రానున్న తాతచేతనే కొనిపింపదలచినాడు. అయినను వెళ్లితిని.

నాకు నీరన్న భయము లేదు. నాకున్నది కట్లను గూర్చిన భయము. అది 1971వ సంవత్సరమున పట్టుకొన్నది. అప్పుడు నాకు పదునొకండేండ్లు. మా మేనమామగారి యూరు గోదావరి యొడ్డున నుండెను. వేసవి సెలవు లన్నియు నక్కడనే గడచెడివి. ఆ దినములలో ఈత నేర్చువారికి ఆనిగెపుకాయ బుఱ్ఱలే గురువులు. కొన్ని తావుల సొరకాయ యందురు, కొన్ని తావుల ఆనపకాయ యందురు. ముదిరిన కాయను బాగుగా నెండనిచ్చి, ఎక్కడను తూటు లేకుండ చూచి, రెండింటిని త్రాటితో జతగూర్చి చంకల క్రింద ఱొమ్మునకు కట్టుకొనవలెను. జీలుగు బెండ్లు కట్టుకొనువారు కొందఱు, మూత బిగించిన కిరసనాయిలు డబ్బా కట్టుకొనువారు కొందఱు.

మా జట్టులో నాకంటె రెండేండ్లు పెద్దవాడొక డుండెను. వానికి ఈత యప్పుడప్పుడే పట్టుబడుచుండెను. ఆనాడు త్రాడు చంకల క్రింద ఒరసి చర్మము చెక్కుకొనిపోయినదని, వాడు దానిని నడుమునకు దింపి కట్టుకొనెను. నీటిలో ముడి సడలెను. బుఱ్ఱలు నడుమునుండి తొడలకు జారినవి. కాళ్లు పైకి లేచెను, తల క్రిందికి పోయెను. మేము ఒడ్డున నిలిచి, వాడు మునుగీత నేర్చినాడని చప్పట్లు కొట్టితిమి. వలవేయుచున్న బెస్తవా డొకడు చూచి పరుగెత్తి వచ్చి యీడ్చునప్పటికి ప్రాణము లేదు.

ఆ బుఱ్ఱలు మంచివే. ఒక్కటియు పగులలేదు, నీరు త్రాగలేదు, కడవఱకు తేలుచునే యుండెను. తప్పు బుఱ్ఱలలో లేదు, త్రాడు ఒరయుటలో నున్నది. అది ఒరయకున్నచో వాడు దానిని దింపియుండడు.

ఇట్టిదే పెద్ద యెత్తున మన గోదావరిలోనే జరిగినది. 2019 సెప్టెంబరు 15వ తేదీన, పాపికొండలు చూడబోయిన యాత్రికుల పడవ దేవీపట్నము దగ్గఱ కచ్చులూరు వద్ద సుడిలో బోల్తాపడెను. నలుబదిమందికి పైగా మరణించిరి. మృతులలో మన తెలంగాణమువారును గలరు. పడవలో లైఫ్ జాకెట్లు లేక కాదు. ఉక్కకు తాళలేక, భోజనమున కడ్డమని, పలువురు వానిని విప్పి ప్రక్కన బెట్టిరని బ్రతికి బయటపడినవారు చెప్పిరి. బ్రతికినవారిలో జాకెట్టు ఒంటిమీద నున్నవారే యెక్కువ. ఆ పడవను కాకినాడకు చెందిన ధర్మాడి సత్యముగారి బృందము, విశాఖ డైవర్ల తోడ్పాటుతో, అక్టోబరు 22వ తేదీన పైకి లాగెను. ఇన్ని దినముల పాటు గజములలోతు నీటిలో త్రాళ్లు వేసి వెదకిన పనికి కారణము, ఆ మధ్యాహ్నమున కొన్ని జాకెట్లు వెచ్చగాను, ఇరుకుగాను ఉండుటయే యని తలచినపుడు నా మనస్సు కలత నొందును. తొడుగు సుఖముగా నుండవలెనని కోరుట విలాసమని మన పెద్దలు కొందఱందురు. చెప్పుల విషయమున వారి మాట చెల్లునేమో కాని నీటికవచము విషయమున చెల్లదు. ఒంటికి సుఖము నీయనిది ఒంటిమీద నిలువదు.

నీటిలో తేలుటకు మనుష్యుడు గాలిని తోడు చేసికొనుట నేటి మాట కాదు. క్రీస్తుకు పూర్వము తొమ్మిదవ శతాబ్దమున అస్సీరియా రాజులు చెక్కించిన రాతిఫలకములందు, యోధులు గాలి నింపిన తోలుతిత్తులను ఱొమ్మున కానించుకొని నది నీదుట నేటికిని చూడవచ్చును. ఆంగ్లదేశమున 1854లో వార్డు అను కప్తాను బెండుచెట్టు బెరడు ముక్కలతో కవచము కుట్టించెను. 1861 ఫిబ్రవరి 9వ తేదీన విట్బీ రేవున తుఫానులో రక్షణపడవ తిరుగబడగా, పదుమువ్వురిలో హెన్రీ ఫ్రీమన్ ఒక్కడే బ్రతికెను. ఆ క్రొత్త కవచము తొడిగినవాడు వా డొక్కడే. తరువాత బెరడునకు బదులు కపోక్ అను దూది వచ్చెను. ఇది మన పరుపులలో నింపు బూరుగు దూదికి దగ్గఱి చుట్టము. దాని పోగుమీద మైనమువంటి పూత యుండుటచే నీరు త్వరగా పట్టదు. బూరుగుచెట్టు నీడన కూర్చుండు మీలో నెవరికైన, తలక్రింది దిండు ఓడలవారి ప్రాణములు కాచినదని తోచెనా?

ఇవి యన్నియు నీటిపై తేల్చు కవచములు. మునుగువాని యక్కఱ వేఱు. వానికి కొంతసేపు మునుగవలెను, కొంతసేపు నడుమ నిలువవలెను, పిదప తేలవలెను. ఇది యెట్లు సాధ్యమో తెలియుటకు శాస్త్రగ్రంథము తెఱువ నక్కఱలేదు. మీ యింట చేపను కోయునప్పుడు చూడుడు. దాని పొట్టలో తెల్లని గాలితిత్తి యొకటి యుండును. పిల్లలు దానిని కాలితో త్రొక్కి టప్పున పగులగొట్టి యాడుకొందురు. ఆ తిత్తిలోని గాలిని ఎక్కువ తక్కువ చేసికొని చేప తనకు కావలసిన లోతున నిలుచును. డైవింగు చేయువాని జాకెట్టు చేప పొట్టలోని తిత్తికి మనుష్యుడు చేసికొన్న నకలు. 1943లో ఫ్రాన్సున కుస్తో, గన్యాన్ అను నిద్దఱు నీటిలో ఊపిరి పీల్చుటకు తగిన యంత్రమును సిద్ధపఱచిరి. తరువాత ఇరువది యేండ్లలోపుననే అదే దేశమున ఫెంజీ యనువాడు మెడచుట్టు వేసికొను గాలితిత్తిని చేసెను. అది చూచుటకు గుఱ్ఱపు మెడపట్టెడ వలె నుండెడిది. దానినుండి పెరిగి పెరిగి చొక్కావలె తొడుగు జాకెట్టు వచ్చినది. దుకాణమువారు దీనిని బీసీడీ యందురు. నేను ప్లవనకవచమని పేరు పెట్టితిని గాని నా మనుమడు తప్ప నెవరును వినలేదు, వాడును నవ్వెను.

ఇందులో నొక లెక్క యున్నది. నీటిలో 10 మీటర్లు దిగినచో మనపై నొత్తిడి రెట్టింపగును. 20 మీటర్లకు మూడు రెట్లు. పైన 6 లీటర్లున్న గాలి 10 మీటర్ల లోతున 3 లీటర్లగును, 20 మీటర్లకు 2 లీటర్లగును. కావున దిగినకొలది తేలుడు తగ్గి మనుష్యుడు ఇంకను వేగముగా దిగును. అప్పుడు మీట నొక్కి సిలిండరునుండి కొంచెము గాలిని జాకెట్టులోనికి వదలవలెను. పైకి వచ్చునపుడు ఆ గాలియే ఉబ్బును. దానిని ఎప్పటికప్పుడు విడువకున్నచో విడిచిన బాణమువలె పైకి కొట్టుకొనిపోవును, ఊపిరితిత్తులకు హాని కలుగును. జాకెట్టును నిచ్చెనగా వాడరాదని, కాళ్లతో నీదుచు మెల్లగా రావలెనని, ఊపిరి యెన్నడును బిగబట్టరాదని శిక్షకుడు వానిచేత నెక్కాలవలె వల్లె వేయించెను. అది వినినప్పుడు నాకు సగము ధైర్యము వచ్చెను. వల్లె వేయించు గురువన్న నాకు నమ్మకము.

ఇక కొనుగోలు సంగతి. ఇక్కడ నా తప్పొకటి చెప్పవలసియున్నది. మనము పిల్లలకు బడిచొక్కాలు కొనునపుడు, ఎదుగుచున్నాడని రెండంగుళములు వదులుగా కుట్టించుట యాచారము కదా. ఆ యలవాటున నేను పెద్ద కొలత జాకెట్టు నెన్నుకొంటిని. ధరయు కొంచెము తక్కువగా నుండెను. నౌకాదళమున పనిచేసి వచ్చిన ఆ శిక్షకుడు ఒక్క మాటయు కాదనక, దానిని మనుమనికి తొడిగించి, గాలి నిండుగా నింపి, రెండు భుజములపట్టెలు పట్టుకొని పైకెత్తెను. జాకెట్టు చెవులదాక లేచెను, మనుష్యుడు నిలిచినచోటనే యుండెను. "పంతులుగారూ, నీటిలో జాకెట్టు తేలును, మీవాడు దానిలోనుండి క్రిందికి జారును" అనెను. నాకు 1971 జ్ఞప్తికి వచ్చెను. ఆనాడు బుఱ్ఱలు క్రిందికి జారినవి, ఈనాడు జాకెట్టు పైకి పోయినది. రెండును ఒక్క తప్పే. ఆ జాకెట్టును నేనే మడచి వెనుకకిచ్చితిని.

తరువాత బిగువైన దొకటి తెచ్చిరి. అది ఒట్టి చొక్కామీద చక్కగా కుదిరెను. కాని నీటిలో దిగువారు చలికి ఱబ్బరు సూటు వేసికొందురు. ఆ సూటుమీద తొడిగి, గాలి నింపి, గట్టిగా ఊపిరి పీల్చుమనగా వాని ముఖము కందిపోయెను. ఱొమ్ము విచ్చుకొనుటకు చోటు లేదు. కాబట్టి నీటిలో ఏ యుడుపున్నదో ఆ యుడుపుమీదనే కొలత చూడవలెను, గాలి లేనపుడు కాక గాలి నిండినపుడే చూడవలెను. మూడవది సరిపోయెను. భుజపు పట్టెలు సగము లాగగనే కుదురుకొనెను. నడుము పట్టీకి ఇటు నటు సవరించుకొను చోటు మిగిలెను. పట్టెలు కొసదాక లాగిన గాని కుదురని జాకెట్టు మనది కాదు.

ఇవి మాత్రమే చాలవు. సిలిండరు తగిలించి నిలువబెట్టి, తల వెనుకకు వంచి యాకాశము చూడుమనిరి. నడినెత్తి సిలిండరునకు తగిలినచో అది యెత్తున నున్నదని యర్థము. నీటిలో బోరగిల పడి ముందునకు చూడవలసినవానికి మెడ యెత్తుటకు వీలుండవలెను. సిలిండరును బిగించు పట్టీని ముందుగా తడిపి బిగింతురు. పొడిగా నున్నపుడు బిగించినది తడిసినపిదప సాగి వదులగునట. ముడి సడలి పోయినవాని నెఱిగిన నాకు ఆ యొక్క మాట చాలును, దానికై మూడు పర్యాయములు స్వయముగా లాగి చూచితిని.

బరువు సంగతి నాకు మా యూరివారు నేర్పిరి. వాడుకలోనున్న అల్యూమినియము సిలిండరు ఒట్టిదే ఇంచుమించు 14 కిలోలుండును. నా శిష్యు డొకడు సింగరేణి గనుల రక్షణదళమున చిరకాలము పనిచేసెను. పొగ క్రమ్మిన గనిలోనికి వీపున ఊపిరియంత్రము మోసికొని దిగుట వారి పని. బయలుదేరుటకు ముందు వాని నడిగితిని. "పంతులుగారూ, బరువు భుజములమీద నున్నచో పావుగంటకు మెడ పట్టును, నడుముమీదికి దించినచో గంట నడువవచ్చును. నడుము పట్టీ మొదట, భుజము పట్టీ పిదప" అనెను. విశాఖలో శిక్షకుడును అదే మాట చెప్పెను. గనిలోని బుద్ధి, సముద్రములోని బుద్ధి యొక్కటే యగుట చూచి సంతోషించితిని. స్త్రీలకు భుజములు సన్నము, మొండెము పొట్టి యగుటచే వారికి వేఱు కత్తిరింపున్న జాకెట్లు గలవు. అన్నది తమ్మునికి, తమ్మునిది చెల్లెలికి అనుట యిక్కడ పనికిరాదు.

జాకెట్లలో గాలితిత్తి ప్రక్కలకును చుట్టియున్నవి కొన్ని, వీపుననే యున్నవి కొన్ని. వీపు తిత్తిది నీటి యడుగున హాయిగా నుండును, ఱొమ్మును నొక్కదు. కాని నీటిపైకి వచ్చి గాలి యెక్కువగా నింపినచో మనుష్యుని ముఖమువైపునకు త్రోయును. చుట్టు తిత్తిది పైన నిటారుగా కూర్చుండబెట్టును. ఏది మేలని నన్నడిగిన, క్రొత్తవానికి చుట్టు తిత్తియే మేలందును. శిక్షకుడు దీని కొప్పుకొనలేదు, రెండును అలవాటునుబట్టి యనెను. వాని ముప్పదియేండ్ల యనుభవ మొకవైపు, నా వృద్ధభయ మొకవైపు. మనుమడు నా మాట నిలిపెను.

కడపట వానిని కన్నులు మూసికొమ్మనిరి. గాలి నింపు మీట, గాలి విడుచు త్రాడు, నడుము కట్టు, ప్రతిదియు తడుముకొని చెప్పవలెను, కుడిచేత నొకమాఱు, ఎడమచేత నొకమాఱు. ఒక దాని దగ్గఱ వాని చేయి తడబడగా మరల మొదటినుండి చేయించిరి. నేను పద్యములు ఒప్పజెప్పించుకొన్న రీతి యిదియే గాన ముచ్చటపడి చూచుచుంటిని.

మీ కొక హెచ్చరిక. ఈ డైవింగు జాకెట్టు వేఱు, పడవలో వేసికొను లైఫ్ జాకెట్టు వేఱు. స్పృహ తప్పినవాని ముఖము పైకి త్రిప్పుట మొదటిదాని పని కాదు. మనకు నిత్యము కావలసినది రెండవది. ఎల్లంపల్లి వద్ద శ్రీపాదసాగరము కట్టినపిదప మన గోదావరి మునుపటివలె వేసవిలో ఇసుకతిన్నెలుగా నుండుట లేదు, ఏడాది పొడుగున లోతున్నది. చెఱువులలో మన బెస్తలు, ముదిరాజులు ధర్మాకోలు తెప్పలపై కూర్చుండి వలలు వేయుట మీరు చూచుచునే యున్నారు. ఆ తెప్ప తేలును, నిజమే. జారిపడినవాని సంగతి? వానికి నేను చెప్పునది యీ పరీక్షయే. జాకెట్టు తొడిగి, కట్లన్నియు బిగించి, చేతులు పైకెత్తించి, మఱియొకరు భుజములు పట్టి యెత్తి చూడవలెను. గడ్డము దాటి లేచినచో అది వానిది కాదు. పిల్లలదైనచో తొడలనడుమనుండి పోవు పట్టీ తప్పక యుండవలెను, ఉన్నదానిని కట్టవలెను. లోని నురుగుబిళ్ల గట్టిపడి పెళుసైనచో, గుడ్డ చివికినచో, ఆ పాతదానిని గొడ్లపాకలో పరచుకొనుడు గాని పిల్లవానికి తొడుగకుడు. ఉక్కయని విప్పజూచువానికి వదులైనది కాక, చంకల దగ్గఱ విశాలముగా కత్తిరించిన దిండు.

ఋషికొండ సంగతి ముగించెదను. మా కూతురు కూడ వచ్చినది. వద్దని చెప్పుటకు వచ్చిన మే మిద్దఱము ఒడ్డున గొడుగు క్రింద కూర్చుంటిమి. పడవ పోవుటకు ముందు ఆమె లేచి పోయి, ఏమియు మాటలాడక, కొడుకు నడుము పట్టీని పట్టుకొని రెండుమాఱులు లాగి చూచినది. వాడు 12 మీటర్ల లోతునకు పోయెను. నేను గడియారము చూచుచుంటిని. 34వ నిమిషమున నీటిపై వాని తల కనబడెను, ముఖము మింటివైపునకు, జాకెట్టు గడ్డమునకు జానెడు క్రిందుగా.

సెలవులలో వాడు దానిని మా యింటికి తెచ్చెను. ఉప్పునీరు తిత్తిలోపలికిని పోవును గనుక మంచినీటితో పైనను లోనను కడుగవలెను. మా నూతినీరు పోసి కుదిపి తలక్రిందుగా వంచితిమి. మొదటి నీరు నాలుకకు ఉప్పగానే యుండెను, మూడవమాఱునకు తేటపడెను. కొంచెము గాలి యూది, ఎండ తగులకుండ వసారాలో దండెమునకు వ్రేలాడదీసితిమి. మా యూర సిమెంటు దుమ్మునకు కొదువ లేదు. నా పాత పంచె నొకదానిని దానిపై కప్పితిని. రాత్రియంతయు గాలి నిలిచినదో లేదో తెల్లవాఱి లేచి నొక్కి చూచితిని, నిలిచియున్నది.